లంక గుడిసెల్లో సోలార్ లైట్లు: పెట్టడం, నిలబెట్టుకోవడం ఎలా

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచిన తర్వాత, నీళ్లు తీసిన నెలకు, నేనూ మా స్నేహితులు నలుగురూ చందాలేసుకుని 40 సోలార్ లాంతర్లు కొన్నాం. కృష్ణ కరకట్టకు లోపలివైపు, లంక పొలాల అంచున ఉన్న గుడిసెల్లో పంచాం. ఫొటోలు కూడా దిగాం. ఉగాదికి అటు వెళ్లి చూస్తే వెలుగుతున్నవి తొమ్మిది. కొన్ని చూరుకి ఊరికే వేలాడుతున్నాయి, కొన్ని పిల్లల చేతుల్లో బొమ్మలయ్యాయి, ఒకదాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "గ్యారంటీ మూడు నెలలేనండీ" అన్నాడు.

అతన్ని ఒక్కణ్నే అని లాభం లేదు. కొనేముందు మేం అతన్ని అడిగిందీ లేదు, ఆ గుడిసెల వాళ్లని అడిగిందీ లేదు. రెండోసారి అదే కట్ట మీద 22 ఇళ్లున్న ఒక్క పేటనే పట్టుకున్నాం. అయిదు నెలలు పట్టింది. ఇది ఆ రెండోసారి పని. మీ దగ్గర నలుగురు మనుషులు, కాస్త డబ్బు, ఆదివారాలు ఉంటే మీరూ చేయొచ్చు.

ముందు చీకటి పడ్డాక వెళ్లండి

పగలు వెళ్తే ఎక్కడ చీకటో తెలియదు. అమావాస్యకి అటూఇటూ రోజుల్లో, రాత్రి ఏడున్నరకి వెళ్లి తొమ్మిదిన్నర దాకా ఉండండి. టార్చి తీసుకెళ్లండి కానీ ఊరికే వేయకండి. ఆ రెండు గంటల్లో ఎవరు ఎటు నడుస్తున్నారో చూడండి. బోరింగు దగ్గరికి ఎవరు వెళ్తున్నారు, మరుగుదొడ్డి లేనివాళ్లు ఎటు పోతున్నారు, పిల్లలు పుస్తకం ఎక్కడ తీస్తున్నారు, వంట గుడిసె లోపలా బయటా.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి, మీలో ఒకరైనా ఆడమనిషి ఉంటేనే ఆ మాటలు బయటికొస్తాయి. మా మొదటిసారి తప్పు ఒక పెద్దావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "దీపం ఇంట్లో పెట్టావు బాబూ, పాము దారిలో గదా ఉండేది." నిజమే. లంకల్లో రాత్రి భయమంటే పాము భయమే. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, రక్తపింజర గట్ల మీద కాలికింద పడుతుంది. ఇంటికి ఎంత వెలుగు కావాలో, బోరింగు దారికీ అంతే కావాలి. మేం 22 ఇళ్లకు లెక్క వేసుకుని వెళ్లాం, 22 ఇళ్లతోపాటు దారి మీద నాలుగు లైట్ల లెక్కతో తిరిగొచ్చాం.

ఒక కాగితం మీద పేట పటం గీయించండి. మీరు గీయకండి, వాళ్లచేతే గీయించండి. ముగ్గుపిండితో నేల మీద గీసినా సరే, ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు.

కరెంటు రాదని తేల్చుకున్నాకే సోలార్

ఈ మాట సోలార్ అంటే ఇష్టపడే స్నేహితులకి నచ్చదు. కానీ స్తంభం వంద గజాల్లో ఉండి మీటరు ఇచ్చే వీలుంటే, ఆ కుటుంబాలకి దరఖాస్తు రాసిపెట్టి, సచివాలయం చుట్టూ, కరెంటాఫీసు చుట్టూ తిరగడమే మీరు చేయగల పెద్ద సాయం. ఫ్యాను తిరగాలంటే, మిక్సీ ఆడాలంటే చిన్న ప్యానెల్ సరిపోదు.

చాలామంది "పీఎం సూర్యఘర్ పథకం ఉందిగా" అంటారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకంలో 3 కిలోవాట్ల దాకా 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, నిజమే. దానికి సొంత ఇల్లు, ప్యానెల్ మోయగల కప్పు, పేరు మీద కరెంటు కనెక్షన్ ఉండాలి. నది పోరంబోకులో బరకం కప్పుకున్న ఇంటికి ఆ మూడూ లేవు. మనం వెళ్తున్నది సరిగ్గా ఆ మూడూ లేనివాళ్ల దగ్గరికి.

లెక్క

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. పని నిలిచేదీ పోయేదీ ఈ లెక్కలోనే.

వెలుగుకి ఇప్పుడు కరెంటు చాలా తక్కువ ఖర్చవుతుంది. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. దాంతోనే తెల్ల ఎల్‌ఈడీ సాధ్యమైంది. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కి 100 ల్యూమెన్లు (వెలుగుని కొలిచే లెక్క) ఇస్తుంది. పాత 40 వాట్ల గుండ్రటి బల్బుకి దాదాపు సరితూగే వెలుగు 4 వాట్లలో వస్తుందన్నమాట.

ఇంటికి మేం వేసుకున్న లెక్క ఇది. లోపల 3 వాట్ల బల్బు, సాయంత్రం 5 గంటలు: 15 వాట్-అవర్లు (వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేది). గుమ్మం బయట 1 వాట్ బల్బు, రాత్రంతా అంటే 11 గంటలు: 11. సెల్ ఫోన్ ఒకటి చార్జింగ్‌కి 15. మొత్తం 41. వైర్లలో, బ్యాటరీలో పోయేదానికి పావువంతు కలిపితే 52 దాకా వస్తుంది.

మన దగ్గర ఎండకి కరువు లేదనుకుంటాం. ఏడాది సగటున రోజుకి 5 గంటల నిండు ఎండతో సమానమైన శక్తి పడుతుంది, అదీ నిజమే. కానీ లెక్క వేసుకోవాల్సింది జులై, ఆగస్టు ముసురుని తలచుకుని. 4 గంటలే పట్టుకోండి. 52ని 4తో భాగిస్తే 13 వాట్లు. దుమ్ము, వేడి వల్ల పోయేది కూడా చూసుకుని 20 వాట్ల ప్యానెల్ తీసుకున్నాం.

బ్యాటరీ 12.8 వోల్టులు, 6 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, వోల్టులతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి). అంటే సుమారు 77 వాట్-అవర్లు, వాడుకోదగినది 60. ఎండ అసలు లేకపోయినా రెండు రాత్రులు రెండు బల్బులూ వెలుగుతాయి, ఫోన్ పెట్టకపోతేనే. ఈ షరతు ముందే చెప్పండి. మేం గోడకి బొగ్గుతో రాశాం: "ముసురు రోజు సెల్ వద్దు." చదవడం రానివాళ్లకి సెల్ బొమ్మ వేసి అడ్డంగా కొట్టేశాం.

కొనేటప్పుడు అడగాల్సినవి

బ్యాటరీ రకం ముందు అడగండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కావాలనండి, షాపుల్లో ఎల్‌ఎఫ్‌పీ అంటారు. వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, రెండు వేల సార్లకు పైగా చార్జి చేసి వాడుకోవచ్చు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మొదట చవకే కానీ, వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. మే నెలలో బెజవాడ రేకుల కింద దాని గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. పైకి ఒకేలా కనిపించే మూడు సెల్స్ లిథియం అయాన్ ప్యాకులు కూడా "12 వోల్టులు" అనే పేరుతో అమ్ముతారు. అవి 12.6 వోల్టులకే నిండిపోతాయి. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపుచేసే డబ్బాని చార్జ్ కంట్రోలర్ అంటారు. 14 వోల్టులు దాటించే కంట్రోలర్‌కి వాటిని తగిలిస్తే ఉబ్బిపోతాయి, అంటుకోవచ్చు కూడా. పూరిగుడిసెలో అది ప్రాణాల మీదికి వస్తుంది. ప్యాకు మీద 12.8 అని ఉందో 11.1 అని ఉందో చదవండి. 12.8 అంటే ఎల్‌ఎఫ్‌పీ, 11.1 అంటే ఈ మూడు సెల్స్ రకం. కంట్రోలర్ మీద బ్యాటరీ రకం మార్చుకునే బటన్ ఉందో చూడండి.

రాసిన ఏహెచ్ నమ్మకండి. పరీక్ష తేలిక. ఆటోనగర్‌లో ఏ షాపులో అడిగినా బండి ఇండికేటర్ బల్బు దొరుకుతుంది, 12 వోల్టులు 21 వాట్లు. బ్యాటరీ పూర్తిగా చార్జి చేసి ఈ బల్బు తగిలించి టైం చూడండి. 6 ఏహెచ్ నిజమైతే మూడు గంటలకు పైగా వెలగాలి. మేం తెచ్చిన మొదటి శాంపిల్ గంటా నలభై నిమిషాలకే ఆరిపోయింది. వెనక్కిచ్చేశాం. 22 కొనేముందు ఒకటి కొని ఈ పరీక్ష చేయండి, తర్వాత వచ్చిన సరుకులోంచి కూడా మధ్యలోవి రెండు తీసి చూడండి.

ప్యానెల్‌ని ఎండలో పెట్టి మల్టీమీటర్‌తో (వోల్టులు, కరెంటు చూపించే చిన్న మీటరు) కొలవండి. వైర్లు దేనికీ కలపకుండా చూస్తే 20 వోల్టుల చుట్టుపక్కల రావాలి. 20 వాట్ల ప్యానెల్‌కి నడిమధ్యాహ్నం కరెంటు ఒక ఆంపియర్‌కి పైన చూపించాలి. సగమే చూపిస్తే వెనక స్టిక్కర్ మార్చారని అర్థం.

బల్బు రంగు పసుపు ఛాయది తీసుకోండి. నీలం కలిసిన తెల్ల వెలుగు పురుగుల్ని ఎక్కువ పిలుస్తుంది. వరి కోతల ముందు లంకలో ఆ తెల్ల లైటు కింద అన్నం తిన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ప్యానెల్, బ్యాటరీ, కంట్రోలర్, రెండు బల్బులు, వైరు, ఫ్యూజు అన్నీ కలిపి మాకు ఇంటికి సుమారు 3,500 రూపాయలైంది.

బిగించడం

ప్యానెల్ దక్షిణం చూడాలి. పొద్దున్నే సూర్యుడు ఎడమ చేతివైపు ఉండేలా నిలబడితే మీ ముఖం ఎటుందో అదే దక్షిణం. వాలు విజయవాడ అక్షాంశానికి సరిపడా 16 డిగ్రీల పైచిలుకు. కోణమానిని అక్కర్లేదు, అడుగు పొడవుకి మూడున్నర అంగుళాలు ఎత్తు ఇవ్వండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకి మధ్యాహ్న సూర్యుడు కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అయినా దక్షిణం వాలే మంచిది. చలికాలంలో సూర్యుడు కిందికి దిగినప్పుడు ఆ వాలు పనికొస్తుంది, వానకి దుమ్మూ జారిపోతుంది.

నీడ సంగతి జాగ్రత్త. ప్యానెల్‌లో 36 గళ్లు దండలో పూసల్లా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఒక్క కొబ్బరి ఆకు నీడ రెండు గళ్ల మీద పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. మేం ఫిబ్రవరిలో బిగించాం, అప్పుడు ఏ అడ్డూ లేదు. జూన్‌కి పక్క లంకలో అరటి నిలువెత్తు లేచింది, మూడిళ్ల ప్యానెళ్లు నీడలో పడ్డాయి. పక్కన ఏ పంట వేయబోతున్నారో కూడా అడగాలని మాకు అప్పుడే తెలిసింది.

రేకు మీద నేరుగా పరచకండి. కింద జానెడు గాలి ఆడాలి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ కరెంటు దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. మేం వెదురు బొంగుకి అడ్డకర్ర కట్టి, నట్లు బిగించి పెట్టాం. మేకులు కొట్టలేదు, ఎందుకో కింద చెప్తాను.

బ్యాటరీ డబ్బా కప్పుకి దగ్గరగా ఉండకూడదు, నేల మీదా ఉండకూడదు. లోపల నడుము ఎత్తులో, గుంజకి, గాలి తగిలే వైపు. పొయ్యి వైపు అసలు వద్దు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇది పది రూపాయల వస్తువు, షార్టయితే ఇల్లు అంటుకోకుండా ఆపేది ఇదే. మా ఎలక్ట్రీషియన్ "పన్నెండు వోల్టులకి ఫ్యూజు ఎందుకండీ" అని నవ్వాడు. షాకు కొట్టదు గానీ, వైరు ఎర్రగా కాలుతుంది. నవ్వనివ్వండి, పెట్టించండి.

కలిపే వరస తప్పకూడదు. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి, తర్వాత ప్యానెల్‌ని, ఆఖర్న బల్బుల్ని. తీసేటప్పుడు తలకిందులుగా. ముందే ప్యానెల్ తగిలిస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్, ఈ రెండు రంగులు తప్ప వేరే వైరు తేవద్దు. వైర్లని సన్న పీవీసీ పైపులో పంపండి. పందికొక్కులకి మన వైర్లంటే మహా ఇష్టం.

దారి లైట్లకి విడిగా ప్యానెల్, బ్యాటరీ ఒకే స్తంభానికి పెట్టండి. ఒక ఇంటి నుంచి ముప్పై మీటర్లు వైరు లాగితే 12 వోల్టుల్లో కొంత దారిలోనే పోతుంది. పైగా "మా ఇంటి కరెంటు" అనే గొడవ కూడా మొదలవుతుంది.

ఇద్దరికి నేర్పండి, ఆడవాళ్లకి

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. అక్కడ చదువురాని అమ్మమ్మలకి, నాయనమ్మలకి రంగుల గుర్తులతో, చేతిసైగలతో సోలార్ సర్క్యూట్లు బిగించడం నేర్పిస్తారు. వేరే వేరే దేశాల నుంచి వచ్చి నేర్చుకుని వెళ్లి సొంత ఊళ్లలో దీపాలు పెట్టినవాళ్లున్నారు. కుర్రాళ్లకి నేర్పితే సర్టిఫికెట్ తీసుకుని పట్నం వెళ్లిపోతారు, పెద్దవాళ్లు ఊళ్లోనే ఉంటారన్నది వాళ్ల అనుభవం. మాకూ అదే జరిగింది. మొదట నేర్పిన కుర్రాడు రెండు నెలల్లో హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను, పని నేర్చుకుంటే వెళ్లాల్సిందే.

తర్వాత డ్వాక్రా సంఘం లెక్కలు రాసే ఆవిణ్ని, పాము మాట చెప్పిన పెద్దావిణ్ని పట్టుకున్నాం. మూడు ఆదివారాలు పట్టింది. నేర్పింది ఎక్కువేం కాదు. మల్టీమీటర్ పెట్టి బ్యాటరీ 12.5 కంటే తక్కువ చూపిస్తే ఆ రాత్రి బయటి బల్బు ఒక్కటే వేయించడం, ఫ్యూజు మార్చడం, వైరు తెగితే అతికి టేపు చుట్టడం. ఆ పైన ఏమొచ్చినా డబ్బా విప్పకుండా మాకు ఫోన్. పెద్దావిడకి అంకెలు రావు. మీటరు తెరలో "12.5" ఎలా కనిపిస్తుందో గోడ మీద గీసి పెట్టాం, అది పోల్చుకుని చెప్పేస్తుంది.

ప్యానెల్ తుడిచే పని ఎవరింటిది వాళ్లది. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, తడిగుడ్డతో. ఎండలో కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లమరకలు కడతాయి, కాలవ నీళ్లు వాడమనండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద పడే వైపు, ఇటుక బట్టీల వైపు అయితే వారానికి రెండుసార్లు తుడవాలి.

డబ్బు వసూలు

పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడమేంటని మా అమ్మ కోప్పడింది. మేం సామాను డబ్బు అడగలేదు, బ్యాటరీ నిధికి అడిగాం. వారానికి ఇంటికి 20 రూపాయలు. 22 ఇళ్లకి 440, ఏడాదికి 22,880. బ్యాటరీలు ఒక్కొక్కటే పోవడం మొదలైనప్పుడు ఎవరి గుమ్మం దగ్గరా చేయి చాపకుండా మార్చుకోవచ్చు.

నెలకి 80 అంటే మొదట ఎవరూ ఒప్పుకోలేదు. శనివారం కూలి డబ్బులొచ్చిన సాయంత్రం 20 అంటే ఇచ్చారు. 1995లో హరీశ్ హందే బెంగళూరులో మొదలుపెట్టిన, పేదలకి సోలార్ దీపాలు అందించే సెల్కో సంస్థ నడిచింది ఈ కిటుకు మీదే. తోపుడుబండి మనిషికి డబ్బు రోజూ వస్తుంది కాబట్టి వాయిదా కూడా రోజుకే కట్టాలి. ఆ పనికే ఆయనకి 2011లో మెగసెసె అవార్డు వచ్చింది. చేపలు పట్టేవాళ్లకి వేట లేని రోజుల్లో వసూలు ఆపేయండి. పుస్తకం, డబ్బా సంఘం దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు.

కృష్ణ లేచినప్పుడు

మేకులు కొట్టకుండా నట్లెందుకో ఇప్పుడు చెప్తాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది. మొదటి హెచ్చరిక వచ్చేసరికే లంకవాళ్లు కట్ట మీదికి సర్దుకోవాలి. అప్పుడు ప్యానెల్ విప్పడానికి పది నిమిషాలకి మించి పట్టకూడదు. ఒక స్పానర్ ప్రతి ఇంటి గుంజకీ తాడుతో కట్టి ఉంచండి. బిగించిన వారంలోనే ఒకసారి విప్పించి, మోయించి, కట్ట మీద మళ్లీ వెలిగించి చూడండి. మా వాళ్లు మొదటిసారి నలభై నిమిషాలు తీసుకున్నారు, రెండోసారి పన్నెండు.

కట్ట మీద ఉండే రోజులకి విడిగా గాలి ఊదుకునే దీపాలు ఒక పది ఉంచుకుంటే మంచిది. 2010 హైతీ భూకంపం తర్వాత ఆనా స్టోర్క్, ఆండ్రియా స్రెష్టా అనే ఇద్దరు ఆర్కిటెక్చర్ విద్యార్థినులు తయారుచేసిన ఆలోచన అది. మడిస్తే పలకంత పలచన, ఊదితే దిండంత, నీళ్లలో తేలుతుంది. పడవలో వందలకొద్దీ పట్టుకెళ్లొచ్చు. ఫోన్ చార్జింగ్ ఉన్న రకమే తీసుకోండి. సింగ్ నగర్‌లో మేడల మీద చిక్కుకున్నవాళ్లు అన్నంతోపాటు అడిగింది చార్జింగే. పడవ ఎటు వస్తోందో తెలియాలంటే ఫోన్ బతికి ఉండాలి.

మిరపకోతల కూలీలకైతే

గుంటూరు వైపు చేసేవాళ్లకి ఈ పద్ధతి సరిపోదు. కోతలకి బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రెండు మూడు నెలలు చేనుగట్టున పట్టాలేసుకుని ఉండి వెళ్లిపోతారు. వాళ్లకి బిగించేవి వద్దు, చేతిలో పట్టుకునే లాంతర్లు నంబర్లు వేసి అద్దెలేకుండా ఇవ్వండి. మేస్త్రీ దగ్గర కాస్త డిపాజిట్ తీసుకుని, కోతలయ్యాక లాంతర్లు చూసుకుని ఆ డబ్బు తిరిగివ్వండి. ఎండాకాలం తర్వాత దాచేటప్పుడు సగం చార్జితో, చల్లని చోట పెట్టండి. పూర్తిగా అయిపోయిన బ్యాటరీని అలాగే ఆరు నెలలు వదిలేస్తే మళ్లీ లేవదు.

ఆఖరి పనులు

పాడైన బ్యాటరీని చెత్తలో, కాలవలో వేయనివ్వకండి, పొయ్యి దగ్గరికి పోనివ్వకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారుచేసినవాళ్లే వాటిని వెనక్కి తీసుకోవాలి. కొనేటప్పుడే బిల్లు మీద "పాతవి తీసుకుంటాం" అని రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నవాళ్లు తర్వాత గుర్తుపట్టరు.

బిగించాక మూడు నాలుగు నెలలకి, వాన పడుతున్న రాత్రి ఒకసారి చెప్పకుండా వెళ్లండి. ఎన్ని వెలుగుతున్నాయో కట్ట మీద నిలబడే లెక్కపెట్టండి. మేం వెళ్లిన రాత్రి 22కి 19 కనిపించాయి. మిగతా మూడింట్లో ఒకటి ఫ్యూజు, ఒకటి అరటి నీడ. మూడో ఇంట్లో లైటు బాగానే ఉంది, బాలింత పడుకుందని ఆపేశారు.